రేకు అన్నయ్య

ఆదివారం పొద్దున ఆ షెడ్డులోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్ళు ఎవరైనా సరే, ముందు నవ్వుతారు. నవ్వకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. తలుపు తీసిన గాలికే గోడనిండా ఉన్న బొమ్మలన్నీ ఒక్కసారిగా లేచి పనిలో పడతాయి. ఫోర్కులతో చేసిన కొంగ మెడ వంచి లేని చేపను పొడుస్తుంది. సైకిలు చైనుతో చేసిన గొంగళిపురుగు తన తోకను తానే తరుముతుంది. పళ్ళ డాక్టరు చేసిన ఇనప దవడ ఎవరి మీదో పీకలదాకా కోపం ఉన్నట్టు పటపటలాడుతుంది. రిటైరైన డ్రైవరు బాబాయి చేసిన బస్సులో పన్నెండుమంది రేకు ప్రయాణికులు ఒకేసారి కునికి, ఒకేసారి ఉలిక్కిపడి లేస్తారు. చూసిపోదామని వచ్చినవాళ్ళు ఇంటికెళ్ళి వంటింట్లో పాత చెంచాలు వెతుక్కుంటారు. వాళ్ళలో సగంమంది మరుసటి ఆదివారానికి సంచీనిండా తుక్కు వేసుకుని తయారవుతారు.

ల్యాబ్ అక్కయ్య కూడా అలా వచ్చిందే. ముప్ఫయ్యేళ్ళు ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసి రిటైరైంది. సీసా కనిపిస్తే చీటీ అంటించనిదే చెయ్యి ఊరుకోదు. షెడ్డులో మిగతావాళ్ళు స్క్రూలు గుప్పెళ్ళతో జేబుల్లో పోసుకుంటే, ఆవిడ మాత్రం సైజుల వారీగా మందు సీసాల్లో పోసి, తారీఖు వేసి, వరసగా పెట్టుకునేది. అందరూ ఆటపట్టించేవాళ్ళు. ఆవిడ వాళ్ళ సంచుల వైపొకసారి చూసి, తన పని చేసుకునేది.

ఎన్ని బొమ్మలున్నా, వాటి ప్రాణం మాత్రం ఒక్కచోటే ఉంటుంది. గాలికి తిరిగే చక్రం వెనకాల, అదే ఇరుసు మీద, అరచేతిలో పట్టేంత ఇనప బిళ్ళ ఒకటి. అది గుండ్రంగా ఉండదు. కోడిగుడ్డులా ఒక పక్కకి సాగి ఉంటుంది. దాని అంచు మీద ఒక కడ్డీ ఆని ఉంటుంది. సాగిన వైపు వచ్చినప్పుడు కడ్డీ లేస్తుంది, అది దాటిపోగానే దిగుతుంది. కొంగ మెడ వంచినా, దవడ పళ్ళు కొరికినా అంతా ఆ లేవడం, దిగడంలోనే ఉంది. షెడ్డు భాషలో దాన్ని గుడ్డుబిళ్ళ అంటారు.

ఆ గుడ్డుబిళ్ళ గురించి షెడ్డు యజమాని మేస్త్రి గారు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. తిరిగిన బిళ్ళకి ఇనుము అరగదీసే ఆకురాయి పెట్టకూడదు. బొమ్మ ఒక్కసారి నడిచిందా, ఇక ఆ బిళ్ళ బాగున్నా అంతే, బాగోలేకపోయినా అంతే. నచ్చకపోతే బొమ్మ మొత్తం విప్పి కొత్తది చేసుకోవాలి తప్ప, ఉన్నదాన్ని రాయకూడదు. ఎందుకని అడిగితే ఆయన, “కడ్డీకి బిళ్ళ అలవాటు పడిపోతుందమ్మా, ఇప్పుడు మారిస్తే అలుగుతుంది” అని నవ్వేసేవాడు. పెద్దాయన చాదస్తం అనుకుని అందరూ పాటించేవాళ్ళు.

గోడ మీద కదలని బొమ్మ ఒక్కటే ఉంది. కుర్చీలో కూర్చున్న రాగి మనిషి, ఆడమనిషి, చేతిలో కప్పు. గాలికి చక్రం గిర్రున తిరుగుతుంది కానీ కప్పు ఒళ్ళోంచి లేవదు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ ముందు దాన్ని బాగుచెయ్యాలనే బుద్ధి పుడుతుంది. “దాని జోలికి మాత్రం పోకండి” అనేవాడు మేస్త్రి గారు, నవ్వకుండా. షెడ్డు వెనక గదిలో ఆయన భార్య మంచాన పడి ఉందని అందరికీ తెలుసు. చూసినవాళ్ళు మాత్రం లేరు.

అక్కయ్య అన్నయ్యతో కలిసి ఉండేది. ఆయన పుస్తకాలకి అట్టలు కట్టేవాడు. మేడ మీద గదినిండా చినిగిన పుస్తకాలు, జిగురు వాసన, కిటికీ పక్కన పుస్తకాలు నొక్కే ఇనప ప్రెస్సు. కిందికీ పైకీ పద్నాలుగు మెట్లు. ఆయన ఎక్కుతున్నా దిగుతున్నా ఇల్లంతా వినిపించేది. టక్, డుబ్. టక్, డుబ్. ఎడమకాలు కుడికాలి కన్నా రెండువేళ్ళు పొట్టి. కుడికాలికి పెద్దోడనీ, ఎడమకాలికి చిన్నోడనీ ఆయనే పేర్లు పెట్టుకున్నాడు. “చిన్నోడు ఇవాళ మొరాయిస్తున్నాడే బుల్లీ” అని మెట్ల మీంచి కేకేసేవాడు.

చిన్నోడి పేరు ఎత్తినప్పుడల్లా ఆయన నవ్వేవాడు, ఆవిడ తల దించుకునేది. ఆవిడకి ఐదేళ్ళు, ఆయనకి తొమ్మిదేళ్ళు ఉన్నప్పుడు చెల్లెల్ని భుజాల మీద ఎక్కించుకుని మెట్లు దిగుతున్నాడు. ఆవిడ సరదాకి రెండు అరచేతులతో ఆయన కళ్ళు మూసింది. ఇద్దరూ పడ్డారు. ఆయన ఎడమకాలి ఎముక విరిగి సరిగ్గా అతకలేదు, కాలు పొట్టిగా మిగిలిపోయింది. అన్నయ్య ఒక్కనాడైనా పల్లెత్తుమాట అనలేదు. అన్నా బాగుండేది. యాభై ఏడేళ్ళుగా ఆ టక్, డుబ్ విన్నప్పుడల్లా ఆవిడ అరచేతులు చల్లబడేవి.

ఈ మధ్య ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు చూసి, కుంటినడక భారమంతా పడి కుడి తుంటి అరిగిపోయిందని చెప్పాడు. ఇంకో ఏడాది, ఆ తర్వాత మెట్లు మర్చిపొమ్మన్నాడు. “చిన్నోడు చేసినదానికి పెద్దోడికి పడింది శిక్ష” అని అన్నయ్య ఆసుపత్రి వరండాలోనే జోకేశాడు. అక్కయ్యకి మాత్రం ఆ రాత్రి ముద్ద దిగలేదు.

అప్పుడే మొదలుపెట్టింది రేకు అన్నయ్యని. పౌడరు డబ్బాతో ఒళ్ళు, పాత కుళాయి ముక్కు, ఆయన పారేసిన కళ్ళద్దాల ఫ్రేము, చేతుల్లో పల్చటి రేకు పుస్తకాలు. తల వెనకాల చెంచాల చక్రం. మొదట చేసిన బిళ్ళ చక్కగా కుదిరింది. బొమ్మ సిపాయిలా నడిచింది. మేస్త్రి గారు చూసి పెదవి విరిచాడు. “మీ అన్నయ్యని చేస్తానన్నావు, ఇదెవరు? కనిపించినట్టు చెయ్యమ్మా, కావాలనుకున్నట్టు కాదు.”

ఆవిడ మూడురోజులు మెట్ల కింద కూర్చుని, ఆ అడుగుల్ని పెన్సిలుతో కాగితం మీద గుర్తులు పెట్టుకుని, బొమ్మ మొత్తం విప్పి, కొత్త బిళ్ళ కోసింది. గుడ్డు అంచు మీద శనగగింజంత బొడిపె వదిలింది. ఆదివారం తలుపు తీయగానే బొమ్మ నడిచింది. టక్, డుబ్. డ్రైవరు బాబాయి చప్పట్లు కొట్టాడు. అక్కయ్య కళ్ళు తుడుచుకుంది. దాన్ని ఇంటికి తెచ్చి, మేడ కింద తన పనిగదిలో గోడకి తగిలించింది.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం, కిటికీలు వేసి ఉండగా, ఫ్యాను ఆపి ఉండగా, రేకు అన్నయ్య నడిచాడు.

అక్కయ్య చేతిలోని పట్టకారు అలాగే ఉండిపోయింది. చెంచాల చక్రం మెల్లగా తిరుగుతోంది. టక్, డుబ్. నెత్తి మీద, మేడ గదిలో, అన్నయ్య బీరువా దాకా నడుస్తున్నాడు. టక్, డుబ్. ఆయన ఆగాడు, ఇది ఆగింది. ఆయన వెనక్కి తిరిగాడు, ఇది మళ్ళీ మొదలెట్టింది. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. కానీ మూడుసార్లు చూడనిదే ఏ రిపోర్టూ రాయని మనిషి. పైకి వెళ్ళి, “అన్నయ్యా, నేను కిందికెళ్ళాక గోడ నుంచి గోడకి ఓసారి నడు, ఎన్ని అడుగులో లెక్కపెట్టుకో” అంది. ఆయన పదకొండు అన్నాడు. ఇక్కడా పదకొండే. రెండోసారి తొమ్మిది, తొమ్మిదే. మూడోసారి ఆయన విసుక్కుని మధ్యలోనే కూర్చున్నాడు, ఆరు. ఇక్కడా ఆరే.

ఆకురాయి నాలుగు రోజులు బల్ల మీదే ఉంది. ఆవిడ దాన్ని చూడనట్టే తిరిగింది. ఐదోరోజు బిళ్ళ ఊడదీసింది. రెండే రెండు గీతలు, బొడిపె మీద. కింద పరిచిన కాగితం మీద ఇనప రజను పొడిలా రాలింది. అలవాటు చొప్పున దాన్ని చిన్న సీసాలో పోసి, మూత పెట్టి, తారీఖు రాసింది.

సాయంత్రం అన్నయ్య దిగి వచ్చి, “ఏంటోనే, ఇవాళ చిన్నోడు బుద్ధిగా ఉన్నాడు” అన్నాడు. టక్, డుబ్‌లో డుబ్ మెత్తబడింది. ఆ వారమంతా ఆయన సంచీ పట్టుకుని తానే కూరగాయలకి వెళ్ళాడు. ఎముకల డాక్టరు కొత్త ఫోటో చూసి, తన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. అక్కయ్యకి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

అక్కడితో ఆగితే కథే లేదు. రెండోవారం బొడిపె మొత్తం తీసేసింది. ఇంకో సీసా, ఇంకో తారీఖు. దాంతో అన్నయ్య తిన్నగా నడిచాడు. చప్పుడు బొత్తిగా పోయింది. ఇంట్లో ఆయన ఎక్కడున్నాడో తెలిసేది కాదు. పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరిగితే అడుగు దూరంలో నిలబడి ఉండేవాడు. ఎప్పుడొచ్చాడో, ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలిసేది కాదు.

“చిన్నోడు ఎలా ఉన్నాడు?” అని ఒకరోజు ఆవిడే జోకేసింది.

“చిన్నోడెవరే?” అన్నాడాయన.

“నీ ఎడమకాలు అన్నయ్యా. నన్ను ఎత్తుకుని మెట్ల మీంచి పడ్డావు కదా.”

ఆయన కాసేపు ఆలోచించాడు. ముఖం నున్నగా, ఏ ముడతా లేకుండా ఉంది. “నిన్నెప్పుడు ఎత్తుకున్నానే నేను? నువ్వు కలగని ఉంటావు” అన్నాడు.

ఆ మాటకి ముందు భయం వేసింది. దాని వెనకే సంతోషం వేసింది. పడలేదు. అసలు పడనేలేదు. ఆ సంతోషం చూసి ఆవిడకి తన మీద తనకే సిగ్గేసింది. ఎంత సిగ్గేసినా సంతోషం పోలేదు.

మూడోసారికి కారణం అన్నయ్య కాదు. ఆవిడ చెయ్యి. బొడిపె తీసినచోట చిన్న గట్టు మిగిలింది. బిళ్ళ ఆ గట్టు దాటినప్పుడల్లా కడ్డీ సన్నగా టిక్కుమనేది. గదిలో ఉన్నంతసేపూ అది చెవిలో దోమలా ఉండేది. షెడ్డు నుంచి డయల్ గేజి అరువు తెచ్చింది. దాని మొనని బిళ్ళ అంచుకి ఆనించి తిప్పితే, వెంట్రుకవాసి ఎత్తుపల్లం ఉన్నా ముల్లు కదులుతుంది. ముల్లు కదిలింది. రాసింది. ఇటు తగ్గింది, అటు ఎక్కువైంది. అటు రాసింది. కుర్చీ ఊగుతోందని ఒక్కో కాలే కోసుకుంటూ పోయినట్టు, ఆ చుట్టూ ఈ చుట్టూ రాస్తూనే ఉంది. చూపంతా ముల్లు మీదే. బిళ్ళ వైపు చూడనే లేదు. చివరికి బిళ్ళ ఎంత తిప్పినా ముల్లు అణువంత కూడా కదల్లేదు. అబ్బ, ఎంత చక్కగా కుదిరింది, అనుకుంది. రజను సీసాలో పోసింది, తారీఖు రాసింది, బిళ్ళ బొమ్మకి బిగించింది.

చెంచాల చక్రం వేలితో తిప్పింది. తిరిగింది. కడ్డీ లేవలేదు.

ఆ షెడ్డుకి ఒక్క ఆదివారం వచ్చినవాళ్ళకైనా తెలుసు, గుడ్డు గుడ్డులా ఉంటేనే కడ్డీ లేస్తుంది. గుండ్రంగా ఉన్న బిళ్ళ దేన్నీ లేపలేదు. ఆవిడకీ తెలుసు. అది తెలిసిన క్షణంలోనే మెట్ల వైపు పరుగెత్తింది.

అన్నయ్య ఏడో మెట్టు మీద నిలబడి ఉన్నాడు. చేతుల్లో అట్టలు కట్టిన పుస్తకాల దొంతర. రెండు కాళ్ళూ సమానంగా, నిటారుగా, జీవితంలో ఎప్పుడూ నిలబడనంత అందంగా.

“కాళ్ళు లేవడం లేదే బుల్లీ” అన్నాడు. భయం లేదు గొంతులో. అదే ఆవిడని భయపెట్టింది.

పుస్తకాలు తీసుకుని కింద పెట్టింది. వంగి రెండు చేతులతో పాదం ఎత్తబోయింది. మెట్టులోంచి మొలిచినట్టు ఉంది. ఆయన చేతుల్ని రెయిలింగుకి పట్టించి, “ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తా” అంది.

“ఎక్కడికి పోతాను?” అన్నాడాయన, గోడవైపు చూస్తూ.

షెడ్డు రెండు వీధుల అవతల. మేస్త్రి గారు ఒక్కడే ఉన్నాడు. ఆవిడ రొప్పుతూ బిళ్ళ మాట మొదలెట్టేసరికి ఆయనకి మిగతాది చెప్పనక్కర్లేకపోయింది. లేచి, వెనక గది తలుపు తీశాడు.

మంచం మీద ఎవరూ లేరు. కిటికీ పక్కన కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంది. జుట్టు శుభ్రంగా దువ్వి ఉంది, చీర మడత నలగలేదు. చేతులు రెండూ ఒళ్ళో, రాతిలా నిలకడగా. కళ్ళు మాత్రం అక్కయ్య వైపు తిరిగాయి, అక్కడే ఆగాయి.

“చేతులు వణికేవి” అన్నాడు మేస్త్రి గారు. “కప్పు అందుకుంటే సగం ఒలికిపోయేది. చూడలేకపోయాను. ఆ రాగి బొమ్మ బిళ్ళని మొదటిసారి రాశాక సూదిలో దారం ఎక్కించింది, ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత నీలాగే, ఇంకొంచెం, ఇంకొంచెం. ఏడేళ్ళయింది.”

అక్కయ్యకి ఒళ్ళు మండింది. “తెలిసీ మాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నమ్మేదానివా? నమ్మితే మాత్రం? ఇంకో నాలుగు రోజుల ముందే పట్టేదానివి ఆకురాయి.”

“అన్నయ్య మెట్టు మీదే ఉన్నాడు” అంది ఆవిడ.

“కొత్త ఇనుము అతికించి చూశాను. పట్టలేదు. దానిది దానికే కావాలి” అన్నాడాయన. “రజను ఏం చేశావు?”

“సీసాల్లో ఉంది. మూడు సీసాలు. తారీఖులు వేసి పెట్టాను.”

మేస్త్రి గారు తలుపు పట్టుకున్నాడు. “నేను ఊడ్చేశానమ్మా” అన్నాడు.

ఇనుము కాల్చే గ్యాసు దీపం, ఇత్తడి తీగ పట్టుకుని ఇద్దరూ పరుగున వచ్చారు. మెట్ల మీద అన్నయ్య అలాగే ఉన్నాడు. పనిగదిలో బిళ్ళని పట్టకారుతో పట్టి, ఎర్రగా కాల్చి, ఇత్తడి కరిగించి అందులో రజను కలిపి అంచు మీద ముద్దగా పోశారు. ముందు మూడో సీసా, దాని మీద రెండోది, చివరికి మొదటిది. తీసిన వరసకి తలకిందులుగా. ఒక్క రేణువు కింద పడ్డా ఆవిడ అయస్కాంతంతో ఏరి వెనక్కి వేసింది. అడుగుల గుర్తులు పెట్టుకున్న కాగితం ఎక్కడుందో తెలియదు. అవసరమూ పడలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని బల్ల మీద వేళ్ళతో కొట్టింది. టక్, డుబ్. యాభై ఏడేళ్ళుగా విన్న చప్పుడు. “ఇక్కడ ఎత్తు. ఇంకొంచెం. ఇక్కడ బొడిపె, ఇంతే. చాలు.”

“రాస్తున్నాను మరి” అన్నాడు మేస్త్రి గారు, ఆకురాయి పట్టుకుని. “ఇది ఇంకా తిరగని బిళ్ళ” అని తనకి తానే చెప్పుకుని, అంచు సరిచేశాడు.

బిగించి గోడకి తగిలించారు. చక్రాన్ని ఎవరూ ముట్టుకోలేదు. గదిలో చిన్న గాలి కూడా లేదు. రేకు అన్నయ్య కుళాయి ముక్కు మీద కళ్ళద్దాలతో వాళ్ళిద్దరినీ చూస్తూ ఊరుకున్నాడు. చెంచాల చక్రం అర అంగుళం కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

టక్, అంది మెట్ల మీద.

ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

డుబ్.

“ఎవరే నన్ను మెట్ల మధ్యలో నిలబెట్టి పోయింది?” అని కేక వినిపించింది. “చిన్నోడు తిమ్మిరెక్కి చచ్చాడిక్కడ!”

ఆవిడ మెట్లెక్కి వెళ్ళి, వెనక నుంచి అన్నయ్య భుజాలు పట్టుకుని ఏడ్చింది. “ఏంటే, మళ్ళీ నా కళ్ళు మూస్తావా ఏంటి?” అన్నాడాయన. ఆ ఒక్క మాటతో, పోయిందనుకున్న తప్పు పూర్తిగా తిరిగొచ్చింది. అరచేతులు చల్లబడ్డాయి. ఆ చల్లదనం తనదేననీ, ఎవరూ తీసెయ్యడానికి వీల్లేదనీ ఆవిడకి మొదటిసారి అనిపించింది. ఏడుపు ఆపుకుని, జరిగినదంతా ఆ మెట్టు మీదే చెప్పింది.

అన్నయ్య అంతా విన్నాడు. చాలాసేపు తన పాదాల వైపే చూసుకున్నాడు. “బాగుచెయ్యమని నేనడిగానా నిన్ను?” అన్నాడు చివరికి. ఆ గొంతులో కోపం ఉంది. ఆ కోపం కోసం ఆవిడ ఇన్నేళ్ళు ఎదురుచూసిందని ఆయనకి తెలియదు. “మెట్లెక్కలేకపోతే ప్రెస్సుని కిందికి దించుదాం. నా కాలు మార్చడం కన్నా అదే తేలిక.”

డ్రైవరు బాబాయీ పళ్ళ డాక్టరూ కలిసి శనివారం దాన్ని దించారు, నడుములు పట్టుకుని తిట్టుకుంటూ. రేకు అన్నయ్య ఇప్పుడు గాజు పెట్టెలో ఉన్నాడు. తుప్పు పట్టకుండా అక్కయ్య నెలకోసారి నూనె చుక్క వేస్తుంది. ఆ చుక్క వేసేటప్పుడు మాత్రం ఊపిరి పీల్చదు.

మరుసటి ఆదివారం ఆవిడ అందరికన్నా ముందే షెడ్డుకి వెళ్ళింది. మేస్త్రి గారు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో అయస్కాంతం. సిమెంటు నేల పగుళ్ళలో ఒక్కోదాంట్లో దాన్ని దించి, పైకి తీసి, అంటుకున్న నల్లటి రజనుని కాగితం మీద దులుపుతున్నాడు. ఆ షెడ్డులో ఏడేళ్ళుగా పాతికమంది రాసిన రజను అది. కొంగది, దవడది, బస్సుది, ఎవరెవరిదో, అన్నీ కలిసిపోయి ఉన్నాయి.

“మేస్త్రి గారూ, ఇందులో ఆవిడది ఏదో ఎలా తెలుస్తుంది?” అంది అక్కయ్య.

“తెలియదమ్మా” అన్నాడాయన, తలెత్తకుండా.

ఆవిడ సంచీలోంచి ఖాళీ సీసాలు తీసింది. ఆయన పక్కనే కూర్చుంది. ఒక్కో పగులుకి ఒక్కో సీసా, ఒక్కో నంబరు. తలుపు వేసి ఉంది. గోడ మీద ఏ బొమ్మా కదలడం లేదు. నింపిన సీసాల్ని రాగి మనిషి కింద బల్ల మీద వరసగా పెట్టుకుంటూ పోయింది. పదహారు, పదిహేడు, పద్దెనిమిది.

పంతొమ్మిదో సీసా పెట్టి చెయ్యి తీశాక, దాని అడుగున చిటికెడు రజను ఇంకా సర్దుకోలేదు. సర్దుకుంటుందని ఆగి చూసింది. చేత్తో బల్ల పట్టుకుని చూసింది, బల్ల కదలడం లేదు. మిగతా పద్దెనిమిదీ నిశ్చలంగా ఉన్నాయి. ఆ ఒక్క సీసాలో రజను సన్నగా, ఆగకుండా, ముసలి చెయ్యిలా వణుకుతోంది.

అక్కయ్య మూడుసార్లు చూసింది. ఆ తర్వాత మేస్త్రి గారి భుజం మీద చెయ్యి వేసింది.